‘పేచీ’ పెద్దల మాట: పిల్లల చిరాకుకు ఆ పేరు ఎలా వచ్చింది

అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే తల తిప్పేస్తాడు. పక్కన పెట్టేస్తే కావాలంటాడు. చొక్కా వేస్తే విప్పమంటాడు, విప్పితే ఏడుస్తాడు. ఎత్తుకుంటే దింపమని గింజుకుంటాడు, దింపితే కాళ్లు పట్టుకుని వేలాడతాడు. రెండేళ్ల పిల్లవాడున్న ఇంట్లో దీన్ని ఎవరికీ వివరించక్కర్లేదు. ‘పొద్దున్నుంచీ ఒకటే పేచీ’ అంటే చాలు.

పిల్లల నోటికీ ఒంటికీ ఇంతగా అతుక్కుపోయిన ఈ మాట పిల్లల కోసం పుట్టింది కాదు. తెలుగులో పుట్టిందీ కాదు. దీని మూలం పారసీకంలోని, అంటే పర్షియన్ భాషలోని ‘పేచ్’. మెలిక, చుట్ట, మడత అని దాని అర్థం. ‘పేచీదన్’ అనే క్రియకు మెలితిప్పడం, చుట్టడం అని అర్థం. ఆ భాష నుంచి హిందుస్తానీలోకి వచ్చాక ఈ చిన్న మాటకు పెద్ద కుటుంబమే ఏర్పడింది. మరను బిగించే పనిముట్టు ‘పేచ్‌కస్’. చిక్కుగా, జటిలంగా ఉన్న వ్యవహారం ‘పేచీదా’. కడుపు మెలిపెట్టి వచ్చే జిగట విరేచనాలు ‘పేచిష్’. కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టే పట్లు, ఎత్తుగడలు ‘దావ్‌పేచ్’. తలపాగా ముందు భాగంలో తురుముకునే నగ ‘సర్‌పేచ్’. 1995లో కేంద్ర ప్రభుత్వం కొన్న నిజాం నగల్లో ఇవీ ఉన్నాయి. సంక్రాంతికి హైదరాబాద్ మేడల మీద రెండు గాలిపటాల దారాలు ఒకదానికొకటి పెనవేసుకున్నప్పుడు కుర్రాళ్లు ‘పేంచ్ పడింది’ అని అరుస్తారు కదా, అదీ ఈ పేచే. పిల్లవాడి ఏడుపుకీ గాలిపటం దారానికీ పేరు ఒక్క చోటి నుంచే వచ్చింది.

తెలుగు మాట హల్లుతో ఆగిపోవడానికి ఇష్టపడదు. బజార్ బజారైంది, తకరార్ తకరారైంది. అలాగే పేచ్ చివర ఒక అచ్చు చేరింది. కన్నడంలో అది ‘ఉ’ అయి ‘పేచు’ అయింది. మనకు ‘ఈ’ అయి ‘పేచీ’ అయింది.

ఈ మాట ఏ దారిన వచ్చిందో చూడాలంటే దాని చుట్టూ ఉన్న మాటలను చూడాలి. దావా, ఫిర్యాదు, జప్తు, జామీను, వకాలతు, హాజరు, జరిమానా, తకరారు, రాజీ. ఇవన్నీ కచేరీల్లో (సర్కారు ఆఫీసుల్లో), కోర్టుల్లో, భూమి శిస్తు తేల్చే జమాబందీ లెక్కల్లో తిరిగిన మాటలు. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల కాలంలో పారసీకం పాలనా భాష. వారి ఫర్మానాల్లో పారసీకం పక్కన తెలుగు కూడా రాసినవి దొరికాయి. ఆ తర్వాత మొఘలులు, అసఫ్‌జాహీలు వచ్చారు. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లినా అక్కడి కచేరీలు పాత మాటలనే వాడుకున్నాయి. కోర్టుకెళ్లిన రైతు నోట అవి ఊళ్లోకి వచ్చాయి, ఊళ్లో నుంచి వంటింట్లోకి వచ్చాయి. ఇలాంటి పరభాషా పదాలు తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, వాటి కోసమే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1854లో వేరుగా ఒక మిశ్రభాషా నిఘంటువు అచ్చు వేయించాల్సి వచ్చింది. జడ్జిగా పనిచేసిన మనిషి కాబట్టి, ఈ మాటలు తెలియకుండా తెలుగు దేశంలో ఒక్క కాగితం కూడా చదవలేమని ఆయనకు బాగా తెలుసు.

పేచీకి ఆ మందలో సరైన జత ‘రాజీ’. అరబ్బీ నుంచి వచ్చిన రాజీకి ఒప్పుకోవడం, తృప్తి పడటం అని అర్థం. ఒకరు పేచీ పెడితే పెద్దలు కూర్చుని రాజీ చేసేవారు. ఇప్పటికీ వ్యవహారంలో పేచీకి మొదటి అర్థం ఇదే. పొలం గట్టు మీద పేచీ. అన్నదమ్ముల వాటాల్లో పేచీ. సీట్ల సర్దుబాటులో పేచీ. రాష్ట్రాల మధ్య నీళ్ల పేచీ. ‘నాకేం పేచీ లేదు’ అంటే అభ్యంతరం లేదని. ఏ వాడుక తీసుకున్నా అందులో ఇద్దరుంటారు. సాఫీగా సాగిపోవాల్సిన పని ఒకటి ఉంటుంది. ఆ పనికి ఒకరు వేసిన మెలిక ఉంటుంది.

పసివాడి విషయంలోనూ మనం వాడింది సరిగ్గా ఆ నమూనానే. స్నానం, అన్నం, బడి, నిద్ర అనేవి సాఫీగా సాగాల్సిన పనులు. వాడు మధ్యలో మెలిక పెట్టాడు. అంటే పేచీ అన్న మాట పిల్లవాడి లోపల ఏం జరుగుతోందో చెప్పదు. వాడి వల్ల మన పనికి ఏమైందో చెబుతుంది. ఈ తేడా చిన్నది కాదు.

పొరుగు భాషలతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. కన్నడంలో ‘పేచిగె సిక్కికొండ’ అంటే ఇరకాటంలో పడ్డాడు, ఎటూ తేల్చుకోలేని చిక్కులో ఇరుక్కున్నాడు అని. ‘పేచాట’ అంటే అలా ఇరుక్కుని పడే అవస్థ. మరాఠీలో ‘పేచ్’ అన్నా ‘పేచ్‌ప్రసంగ్’ అన్నా అదే అర్థం, మనిషికి వచ్చిపడిన సంకట పరిస్థితి. ఆ రెండు భాషల్లో మెలిక బయట ఉంది, మనిషి అందులో చిక్కుకున్నాడు. తెలుగులో మనిషే మెలిక పెడతాడు. మూలం ఒక్కటే అయినా కన్నడిగుడికి పేచు పడే చోటు, తెలుగువాడికి పేచీ పెట్టే వస్తువు. ‘పేచీ పెట్టాడు’, ‘పేచీకి దిగాడు’ అంటాం. ‘పేచీలో పడ్డాడు’ అనడం మన వాడుకలో అరుదు. ఆ ఏడ్చే పిల్లవాడికి మన అర్థం కన్నా కన్నడ, మరాఠీల అర్థమే దగ్గరగా ఉంటుంది. రెండేళ్ల వయసులో పిల్లలకు అర్థమయ్యే మాటలు చాలా ఎక్కువ, నోటితో చెప్పగలిగేవి తక్కువ. కావాలనిపించింది వెంటనే దొరక్కపోతే ఆగగలిగే శక్తిని ఇచ్చే మెదడు ముందు భాగం దాదాపు పాతికేళ్లు వచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. వాడు మెలిక పెట్టడం లేదు. మెలికలో ఇరుక్కుని ఉన్నాడు.

మన వ్యాకరణం కూడా ఈ విషయంలో పిల్లల వైపు లేదు. పెద్దవాళ్ల సంగతి చెప్పేటప్పుడు తెలుగు ఏం చేస్తుందో గమనించండి. ‘నాకు కోపం వచ్చింది.’ ‘నాకు చిరాకుగా ఉంది.’ ‘ఆయనకు విసుగు పుట్టింది.’ ‘అమ్మకు ఓపిక లేదు.’ ఆకలి వేసినట్టు, నిద్ర వచ్చినట్టు, జ్వరం తగిలినట్టు కోపం, చిరాకు మనిషి దగ్గరికి వస్తాయి. మనిషి వాటిని చేయడు. తెలుగులోనే కాదు, దక్షిణాది భాషలన్నింటిలో ఉన్న అందమైన పద్ధతి ఇది. అనుభవించే మనిషికి ‘కు’ చేర్చి, ఆ అనుభవం వచ్చి తగిలినట్టు చెబుతాం. పిల్లల దగ్గరికి వచ్చేసరికి వాక్యం మారిపోతుంది. వాడు పేచీ పెడుతున్నాడు, వాడు మారాం చేస్తున్నాడు, వాడు మొండికేశాడు. అన్నీ చేతలే, అన్నింటికీ వాడే కర్త. ‘కోపపడ్డాడు’, ‘విసుక్కున్నాడు’ అని పెద్దలను కూడా అంటాం, నిజమే. కానీ పెద్దలకు రెండు రకాల వాక్యాలూ ఉన్నాయి. తన సంగతి చెప్పుకునేటప్పుడు మనిషి ఎక్కువగా మొదటిదే ఎంచుకుంటాడు. పసివాడికి తన తరఫున వాక్యం చెప్పుకునే వీలే లేదు.

‘పేచీకోరు’ అన్న మాట దీన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. తెలుగు చెవికి ఇది ‘పేచీని కోరేవాడు’ అని వినిపిస్తుంది. చుగలీఖోర్, హరాంఖోర్ లాంటి ఉర్దూ మాటల్లో చివరనుండే ‘ఖోర్’ వేరే. అది పారసీక ప్రత్యయం, ‘తినేవాడు’ అని అర్థం. పోట్లాటకోరు, చాడీకోరు, పేచీకోరు అన్నప్పుడు ఆ తినేవాడు మనకు కోరేవాడిగా కుదిరిపోయాడు. తిన్నా కోరినా ఫలితం ఒక్కటే. ఈ పూట జరిగింది ఆ మనిషి స్వభావమైపోతుంది. కోర్టుల చుట్టూ తిరిగే దాయాదికి ఈ పేరు తగునేమో. నిన్న టీకా వేయించుకుని ఇవాళ తొడ నొప్పితో ఏడుస్తున్న బిడ్డకు ‘మహా పేచీకోరు’ అని పేరు పెట్టడం అన్యాయం. ఈ మాట ఇళ్లల్లో ఎంత ముద్దుగా అన్నా సరే, అన్యాయమే. పైగా పిల్లలు తమ గురించి చుట్టాలు చెప్పుకునేది వింటూ పెరుగుతారు.

పేచీ ఒక్కటే కాదు. పిల్లల చిరాకుకు వాడే తక్కిన మాటలను పట్టుకుని వెనక్కి నడిచినా, చాలావరకు పెద్దల మైదానంలోకే చేరతాం. ‘రచ్చ’ చూడండి. సంస్కృతంలో ‘రథ్య’ అంటే రథాలు వెళ్లే దారి, వీధి. దాని వికృతి రచ్చ. ఊరి నడుమ పదిమంది కూడే చోటు రచ్చ, అక్కడి చెట్టు కింది అరుగు రచ్చబండ. ఇంటి గుట్టు అక్కడికి వెళ్తే రచ్చకెక్కినట్టు. అక్కడ జరిగే గోలకు కూడా ఆ చోటి పేరే వచ్చి, చివరికి బొమ్మ కోసం బజార్లో దొర్లే పిల్లవాడు ‘రచ్చ చేస్తున్నాడు’. కన్నడంలో ఇది మరీ ఇల్లు చేరింది. బిడ్డ ఊరుకోకుండా పట్టుబట్టి ఏడవడాన్ని వాళ్లు ‘రచ్చె హిడియువుదు’ అంటారు. పంచాయితీ జరిగే చోటు పేరు ఉయ్యాల దగ్గరికి వచ్చింది.

తెలంగాణలో ‘జిద్దు చేస్తున్నడు’ అంటారు. అరబ్బీ మూలంలో ఆ మాటకు వ్యతిరేకం, ఎదురు అని అర్థం. అంటే జిద్దు పట్టిన పిల్లవాడు మొదటి అర్థంలో ప్రతిపక్షం. ఉత్తరాదిలో, కన్నడ, మరాఠీల్లో పిల్లల పంతానికి వాడే హఠ్, హఠ, హట్ట్ సంస్కృతంలోని ‘హఠ’ నుంచి వచ్చాయి. దాని అర్థం బలప్రయోగం. మన ‘హఠాత్తు’లో ఉన్నదీ అదే. హిందీలో రాజహఠ్, స్త్రీహఠ్, బాలహఠ్ అని మూడింటిని ఒకే వరసలో చెప్పే నానుడి ఉంది. రాజు పంతాన్ని, పసివాడి పంతాన్ని పక్కపక్కన నిలబెట్టారు. పక్కన స్త్రీని ఎందుకు నిలబెట్టారో ఊహించడం కష్టం కాదు. ఎవరి మాట వినదలచుకోలేదో వాళ్ల కోరికను పంతం అనడం పాత అలవాటు. రాజును మాత్రం కాదనలేక విన్నారు. మన దేశ్య పదం ‘మొండి’ ఇంకోలా ఉంటుంది. పదును పోయిన కత్తి మొండికత్తి, కప్పు పోయి మిగిలినవి మొండిగోడలు, తల లేని శరీరం మొండెం. ఏదో తెగిపోయి, మొద్దుబారి, కదలకుండా నిలిచింది మొండి. అందులో గొంతు లేదు, కదలిక లేదు. అందుకే పేచీ పెట్టే పిల్లవాడికీ మొండికేసిన పిల్లవాడికీ తేడా ఏ తల్లికైనా తెలుస్తుంది. ఒకడితో మాట్లాడవచ్చు, రెండోవాడితో మాటలు పనిచేయవు.

అలక కథ వేరు, అది పైనుంచి కిందికి దిగిన మాట. ‘అలుగు’ ఒకప్పుడు పూర్తి స్థాయి కోపం. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యంలో ‘అలుగుటయే యెరుంగని’ ధర్మరాజు అలిగితే సముద్రాలన్నీ ఏకమైపోతాయని కృష్ణుడు హెచ్చరిస్తాడు. అక్కడ అలగడం అంటే మూతి ముడుచుకుని మూల కూర్చోవడం కాదు, యుద్ధం. ఇవాళ అదే మాట అర్థం ఎంత చిన్నదైపోయిందంటే, అలక అనగానే ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలని ఎదురుచూసే మౌనం గుర్తొస్తుంది. ఈ మార్పుకు పెళ్లి పందిట్లోని అలకపాన్పు కూడా కొంత సాయం చేసి ఉంటుంది. అక్కడ పెళ్లికొడుకు అలగడం ఒక తంతు, బతిమాలి కానుక ఇవ్వడం మామగారి వంతు. కావ్యాల్లో కైకేయికి క్రోధాగారం, పారిజాత పుష్పం రుక్మిణికి వెళ్లిందని తెలిసిన సత్యభామకు కోపగృహం ఉన్నాయి. అంటే అలగడానికి ఒక గది, ఒక పాన్పు, బతిమాలే మనిషి, ఇంత ఏర్పాటు. అలకకు చూసేవాళ్లు కావాలి. పేచీకి ఎదురు నిలిచేవాళ్లు కావాలి. ఒట్టి చిరాకుకు ఎవరూ అక్కర్లేదు, గదిలో ఒంటరిగా ఉన్నా అది ఉంటుంది.

వీటన్నింటి మధ్య నిజంగా పిల్లలదే అనిపించే మాట ‘మారాం’. పొలం గట్టు మీద ఎవరూ మారాం చేయరు, కోర్టులో మారాం చేశారని ఎవరూ రాయరు. పెద్దవాళ్లకు వాడితే, వాళ్లు చిన్నపిల్లల్లా ప్రవర్తిస్తున్నారని చెప్పడానికే వాడతాం. మారాంలో కోరిక ఉంది, బతిమాలడం ఉంది, ఎదుటి మనిషి కాదనరన్న నమ్మకం ఉంది. పేచీలో విసుగు వినిపిస్తుంది, మారాంలో చనువు వినిపిస్తుంది. ఒకే పిల్లవాడు ఒకే ఐస్‌క్రీం కోసం ఏడుస్తుంటే తాతయ్యకు అది మారాం, పని మీద వెళ్తున్న నాన్నకు పేచీ. మాటను ఎంచుకున్నది పిల్లవాడి ప్రవర్తనను బట్టి కాదు, పెద్దవాళ్ల తీరికను బట్టి.

పెద్దల మాటలు ఉయ్యాల దగ్గరికి వచ్చినట్టే, ఉయ్యాల దగ్గరి మాటలు కొన్ని రాజకీయాల్లోకి వెళ్లాయి. ఎన్నికల వేళ తెలుగు పత్రికలు తిరగేస్తే కనిపించేవి ఇవే. టికెట్ రాని నేత అలక, అధిష్ఠానం బుజ్జగింపులు, ఓటర్లకు తాయిలాలు. తాయిలం అంటే పిల్లలకు కొంగున దాచి తెచ్చే తినుబండారం. కొత్త పథకం తడబడితే ‘బాలారిష్టాలు’ అంటారు. అది పసిబిడ్డ ప్రాణానికి వచ్చే గండాలకు జ్యోతిషంలో ఉన్న పేరు. నాయకుడి కోపాన్ని అలక అనడంతో అందులోని రాజకీయ కారణం, కులం లెక్క, డబ్బు లెక్క కనబడకుండా పోతాయి. పసివాడి నొప్పిని పేచీ అన్నప్పుడు కూడా కారణం ఇలాగే కనుమరుగవుతుంది.

ఇప్పుడు పట్నాల్లో, అమెరికాలో ఉండే తెలుగు ఇళ్లల్లో పేచీ స్థానంలోకి ఇంకో మాట వచ్చింది. ‘బాబు ఇవాళ బాగా క్రాంకీగా ఉన్నాడు.’ దీని మూలం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. క్రాంకీ వచ్చింది ‘క్రాంక్’ నుంచి. బండి ఇంజన్లో ఉండే క్రాంక్‌షాఫ్ట్‌లో ఉన్నది అదే. వంగినది, మెలి తిరిగినది అని ఆ ధాతువుకు అర్థం. పారసీకులు ఎక్కడ మొదలుపెట్టారో ఇంగ్లిష్ వాళ్లూ అక్కడే మొదలుపెట్టారు. చిరాకు పడే మనిషిని మెలి తిరిగిన మనిషిగా చూశారు. ఆ కుటుంబానికే చెందిన జర్మన్ మాట ‘క్రాంక్’కు ఇవాళ అర్థం జబ్బుపడిన వాడు. ఇంగ్లిష్‌లో కూడా క్రాంకీని ఒకప్పుడు ఒంట్లో బాగాలేదనే అర్థంలో వాడారు. ‘పేచీ పెడుతున్నాడు’ అనడానికీ ‘క్రాంకీగా ఉన్నాడు’ అనడానికీ తేడా మూలార్థంలో లేదు, వాక్యంలో ఉంది. మొదటిది వాడి చేత, రెండోది వాడి స్థితి. తెలుగు తల్లిదండ్రులకు ఇంగ్లిష్ మాట నచ్చడానికి ఫ్యాషన్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. దానికోసం ఇంగ్లిష్ దాకా వెళ్లాల్సిన పనీ లేదు. ‘పాపకు చిరాకుగా ఉంది’ అన్న వాక్యం మనకు ఉండనే ఉంది. వాడటమే తక్కువ.

ఈ చర్చ ఒట్టి మాటల ముచ్చట కాదు. పిల్లల వైద్యంలో చిరాకు ఒక రోగలక్షణం. విరేచనాలు అవుతున్న బిడ్డ ఒంట్లో నీరు ఎంత తగ్గిందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పద్ధతిలో నాలుగు గుర్తులు చూస్తారు. మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలకు నేర్పేదీ అదే. బిడ్డ నిలకడ లేకుండా చిరాకుగా ఉందా, కళ్లు లోపలికి పోయాయా, నీళ్లిస్తే ఆత్రంగా తాగుతోందా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్తోందా. వీటిలో రెండు కనిపిస్తే నీరు తగ్గుతున్నట్టే, వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. మొదటి గుర్తు చిరాకే. ఇక చురుకుదనం పోయి మగతగా పడుకుంటే ప్రమాదం ఇంకా పెద్దది. ఏడ్చి ఏడ్చి పేచీ మానేసి పడుకున్నాడని ఇంట్లో ఊపిరి పీల్చుకునే క్షణం అదే కావచ్చు.

రక్తహీనత మరో ఉదాహరణ. ఇనుము తక్కువైన పిల్లల్లో చిరాకు, ఆకలి మందగించడం, మట్టి తినడం కనిపిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 67 శాతం, తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇంతమంది పిల్లల్లో ఎందరి చిరాకు రక్తం తక్కువై వచ్చిందో, ఎందరిది వయసుతో వచ్చిందో రక్తపరీక్ష చేస్తేగానీ తెలియదు. ‘అన్నం దగ్గర పేచీ’ అని ఊరుకుంటే ఆ పరీక్ష జరగదు. చెవిలో చీము, గొంతు నొప్పి, కొత్త పళ్లు, నిద్ర చాలకపోవడం, మలబద్ధకం, కొత్తగా తమ్ముడో చెల్లో పుట్టడం లాంటివన్నీ బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి.

ఈ ఎరుక మనకు కొత్తదేమీ కాదు. ఆయుర్వేదంలో బాల వైద్యానికి మూలగ్రంథమైన కాశ్యప సంహితలో ‘వేదనాధ్యాయం’ అని ఒక అధ్యాయమే ఉంది. మాటలు రాని బిడ్డ నొప్పిని చేష్టలను బట్టి ఎలా పసిగట్టాలో అందులో చెప్పారు. చెవి నొప్పి అయితే చేతులతో చెవులు తడుముకుంటుంది, తల నొప్పి అయితే తల అటూ ఇటూ తిప్పుతుంది, ఇలా సాగుతుంది. ఆ అధ్యాయం పేరులోనే వేదన ఉంది. ఏడుపును నొప్పి చెప్పే మాటగా చదివారు. మన పల్లెల్లో సందె వేళ ఏడ్చే బిడ్డకు దిష్టి తీస్తారు. ఎర్రనీళ్లు, ఉప్పు, మిరపకాయలు రోగాన్ని తగ్గించవు. అయినా ఆ ఆచారంలో ఒక మంచి ఊహ ఉంది. బిడ్డకు ఏదో తగిలింది, బిడ్డ తప్పు కాదు అన్న ఊహ. దిష్టి కూడా ‘తగులుతుంది’, బిడ్డ ‘చేయదు’.

ప్రతి ఏడుపుకూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలని కాదు. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల దాకా ఇలాంటి చిరాకు మామూలే. నిద్ర, తిండి, కాస్త సమయం చాలా వాటిని తీరుస్తాయి. కోరింది ప్రతిదీ ఇవ్వాలనీ కాదు. పదునైన కత్తి కోసం ఏడ్చినా ఇవ్వం. అయితే ఆసుపత్రిలో డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ‘రెండు రోజులుగా ఒకటే పేచీ అండీ’ అన్న వాక్యం దగ్గరే ఆగిపోతే డాక్టరుకు అందేది చాలా తక్కువ. ఎప్పటి నుంచి మొదలైంది, ఎత్తుకుంటే ఊరుకుంటోందా లేక ముట్టుకుంటేనే ఎక్కువగా ఏడుస్తోందా, పాలు తాగుతోందా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, చెయ్యి ఎక్కడికి పోతోంది, ఏడుపు గొంతు మామూలుగానే ఉందా లేక కీచుగా మారిందా అనేవి కూడా చెప్పాలి. జ్వరంతో పాటు ఎంత సముదాయించినా ఊరుకోని కీచు ఏడుపు, మెడ బిగుసుకోవడం ఉంటే అది మెదడు పొరల వాపు కావచ్చు. అప్పుడు తెల్లారేదాకా కూడా ఆగకూడదు.